మహారాజశ్రీ కడుపునొప్పి గారికి

మహారాజశ్రీ కడుపునొప్పి గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. మీరు కులాసాగానే ఉన్నారని జిల్లా పేజీలో చూస్తూనే ఉన్నాను. మొన్న మంగళవారం ఒక్కరోజే రెండు చోట్ల కనిపించారు. ఒకటి సింగిల్ కాలం, ఇంకోటి సంక్షిప్త వార్తల కింద.

పొద్దున మా అమ్మాయి స్కూలుకి సెలవు చీటీ రాయమంది. ఎనిమిదో తరగతి. ‘అయ్యా, మా అమ్మాయికి’ అని మొదలుపెట్టానో లేదో, చెయ్యి దానంతటదే మీ పేరు రాసేసింది. రాశాక కలం ఆగింది. ఈ చేత్తో మీ పేరు ఎన్నిసార్లు రాసి ఉంటాను? ఖమ్మం జిల్లాలో ఒక మండలానికి పన్నెండేళ్లు విలేకరిగా చేశాను. మా ఎమ్మెల్యే పేరు కంటే మీ పేరే ఎక్కువసార్లు రాసి ఉంటానని నా నమ్మకం. ఆయనకి వారానికో రంగుల ఫొటో పడేది. మీకు ఇన్నేళ్లలో ఒక్క ఫొటో కూడా వేయించలేకపోయాను. ఆ బాకీ తీర్చుకుందామని ఈ ఉత్తరం.

మన పరిచయం మూడో తరగతిలో, హోంవర్కు చేయని ఒక సోమవారం. జ్వరమంటే నుదురు పట్టుకుని చూస్తారు. దెబ్బ తగిలిందంటే చూపించమంటారు. దగ్గంటే దగ్గి చూపించాలి. మీతో ఆ బాధ లేదు. ఉన్నారని చెప్పినవాడి మాటే సాక్ష్యం, లేరని రుజువు చేసే మొనగాడు పుట్టలేదు. బెత్తం ఎత్తిన మా అయ్యవారు కూడా మీ పేరు వినగానే ‘పోయి చెట్టు కింద కూచోరా’ అని వదిలేసేవారు. ఇంత గొప్ప కిటుకు మేమే కనిపెట్టామని మురిసిపోయాం. పెద్దవాళ్లు అప్పటికే మిమ్మల్ని సర్కారీ కొలువులో పెట్టుకున్నారని మాకేం తెలుసు.

అదే బడిలో ఆడపిల్లలు నెలకోసారి మిమ్మల్ని తలుచుకునేవారు. డ్రిల్లు పీరియడ్‌లో ‘కడుపునొప్పి సార్’ అనగానే సారు గబుక్కున మొహం పక్కకి తిప్పి ‘సరే సరే కూర్చో’ అనేవారు. వెనక వరసలో మేం కిసుక్కున నవ్వేవాళ్లం. ఎందుకు నవ్వుతున్నామో మాలో సగంమందికి తెలియదు. ఆ పిల్లలే పెళ్లిళ్లయి, ఇద్దరేసి పిల్లల్ని కన్నాక, టౌనులో నర్సింగ్ హోమ్‌కి వెళ్లి అదే మాట అన్నారు. తెల్లబట్టో, పుండో, నెలనెలా ప్రాణం తీసే నొప్పో, మొగుడి దగ్గర నుంచి అంటిన జబ్బో విప్పి చెప్పలేదు. అవతలివాళ్లు విప్పి అడగనూ లేదు. మీ పేరొకటి చాలింది. ‘సంచి తీసేస్తే పీడ పోతుంది’ అన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎనిమిది మందికి పైనే. మీ పలుకుబడి మన రెండు రాష్ట్రాల్లో ఎంతుందో చెప్పడానికి ఈ లెక్కొకటి చాలు.

ఇక మీ అసలు ఉద్యోగం సంగతి.

విలేకరిగా చేరిన కొత్త. రాత్రి తొమ్మిదింటికి డెస్క్‌కి వార్తలు పంపే ముందు స్టేషన్‌కి ఫోన్ చేసి ‘ఏమైనా ఉన్నాయా’ అని అడగడం ఆనవాయితీ. ఆ రోజు రైటర్ (అంటే స్టేషన్‌లో కేసులు రాసే కానిస్టేబుల్) లైన్లోకి వచ్చి చెప్పాడు. ఫలానా ఊరు, వివాహిత, 23 ఏళ్లు, ఆత్మహత్య.

‘కారణం?’

‘కడుపునొప్పి రాసుకో అన్నా.’

‘ఎన్నాళ్లుగా ఉందట?’

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, ‘నీకెంత కావాలె? మూడేండ్లు పెట్టుకో.’

పెట్టుకున్నాను. ‘గత మూడేళ్లుగా కడుపునొప్పితో బాధపడుతూ, ఎన్ని ఆసుపత్రుల్లో చూపించినా నయం కాకపోవడంతో, తాళలేక’ అని నాలుగు లైన్లు. ఆసుపత్రులు నా సొంత కవిత్వం. లైను నిండడానికి వేశాను. పెళ్లయి కూడా సరిగ్గా మూడేళ్లేనని మర్నాడు మార్చురీ దగ్గర తెలిసింది.

పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడమనిషి అలా పోతే తహసీల్దారే వచ్చి శవ పంచనామా చేయాలి. వచ్చారు. వేపచెట్టు కింద పెద్దమనుషులు రెండు గుంపులుగా కూర్చున్నారు. ఆ పిల్ల తండ్రి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చంకలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆమెకి కట్టడానికి తెచ్చిన చీర. జేబులోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి బయటికి తీస్తాడు, చూస్తాడు, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. మంచం, బీరువా, బండి, ఎనిమిది తులాలు, ఇంత నగదు, ఇంకా ఇవ్వాల్సింది ఇంత అని రాసుకున్న లెక్క అది. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. అత్తింటి వేధింపుల మీద 498ఏ 1983లో, వరకట్న చావుల మీద 304బీ 1986లో వచ్చాయి. ఆ కాగితం ఆ జేబులోంచి బల్ల మీదికి రావడానికే ఇన్ని చట్టాలు. మధ్యలో అడ్డంగా ఉన్నదల్లా ఒక బావమరిది. ‘కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుద్ది బావా. చిన్నదాని పెళ్లి ఉంది. పసిది వాళ్లింట్లోనే పెరగాలి’ అన్నాడు. తప్పుడు మనిషేం కాదు. రాత్రంతా ఆ తండ్రి పక్కనే కూర్చున్నది అతనే. మధ్యాహ్నానికి పసిపిల్ల పేరున ఎకరం రాయడానికి ఒప్పందమైంది. తహసీల్దారు అడిగితే తండ్రి మీ పేరే చెప్పాడు. పంచాయతుదారులు సంతకాలు పెట్టారు. ఆమె శరీరంలోంచి తీసిన ముక్కలు సీసాల్లో పెట్టి హైదరాబాదు ల్యాబ్‌కి పంపారు. అక్కడ ఏవేవో వెతుకుతారు గానీ, మిమ్మల్ని మాత్రం ఎవరూ వెతకరు.

మీ తోటి ఉద్యోగులు కొందరుండేవారు. కిరసనాయిలు స్టవ్వు గారు ఇంటింటికీ గ్యాస్ వచ్చాక రిటైరయ్యారు. ‘కాలుజారి బావిలో’ గారికి బోర్లొచ్చి పని పోయింది. మనస్తాపం, క్షణికావేశం అని ఇద్దరు కుర్రాళ్లు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. మనస్తాపం అంటే ‘ఎవరి వల్ల’ అని ఒక ప్రశ్న వెంటబడుతుంది. మీ వెంట ఏ ప్రశ్నా రాదు. అత్తగారికి మచ్చ లేదు, అప్పిచ్చినవాడికి మచ్చ లేదు, కాలేజీకి మచ్చ లేదు. చచ్చినవాళ్లకి కూడా లేదు, అదీ మీ మర్యాద. డబ్బున్నవాళ్ల ఇళ్లకి మాత్రం మీరు వెళ్లరు. అక్కడికి గుండెపోటు గారే స్వయంగా వెళ్తారు.

1997-98లో మీకు చేతినిండా పని దొరికింది. వరంగల్ వైపు పత్తిని లద్దె పురుగు తినేసిన ఏడాది అది. మా దగ్గరా పత్తే, మిర్చే. విత్తనాలూ మందులూ అప్పుగా ఇచ్చిన షాపతనే పంట కొంటాడు, తక్కెడ కూడా అతనిదే. ఆ మాట స్టేషన్‌లో చెప్పేవాడెవడు? రేపు మళ్లీ విత్తనాలకి ఆ షాపు మెట్లే ఎక్కాలి. 2004లో జీవో 421 వచ్చింది. అప్పుల పాలై చనిపోయిన రైతు కుటుంబానికి లక్షా యాభై వేలు. నిజంగా అప్పుల వల్లేనా అని తేల్చడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీ, ముగ్గురు. వాళ్లు ఫైలు తెరిస్తే మొదటి కాగితం ఎఫ్ఐఆర్. అందులో మీరు కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండేవారు. ఒకావిడ కలెక్టరేట్ వరండాలో నాతో అంది: ‘మా ఆయనకి కడుపునొప్పి లేదయ్యా. ఆ రోజు పొద్దున పచ్చిమిరపకాయ నంజుకుని చద్దన్నం తిన్నాడు.’ ఇంతకన్నా గట్టి మెడికల్ సర్టిఫికెట్ నేను చూడలేదు. ఫైల్లో పెట్టడానికి మాత్రం పనికిరాలేదు. అంతకుముందు నెల ఆయన గురించి నాలుగు లైన్లు రాసింది నేనేనని ఆమెకి చెప్పలేదు.

తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి రైతు బీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య, పాసుపుస్తకం ఉన్న రైతు ఏ కారణంతో పోయినా ఇంటికి 5 లక్షలు. మంచి పనే, కాదనను. ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కాకపోతే కారణం అడగాల్సిన అవసరం కూడా దాంతో తీరిపోయింది. కౌలుకి చేసేవాడికైతే పాసుపుస్తకమే ఉండదు. అతను పోయినా కాగితాల ప్రకారం ఆ పొలం రైతు బతికే ఉంటాడు. హైదరాబాదులో, మూడో అంతస్తులో.

కాలేజీ హాస్టళ్లలో కూడా మీకు గది ఉందని విన్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాల్ దాకా ఒకటే మాట: ‘రెండ్రోజులుగా కడుపునొప్పి అంటున్నాడు సార్.’ అంటున్నాడు సరే, ఎవరికి చెప్పాడు, వాళ్లేం చేశారు? అప్పటికే మైకులు సర్దేసుకుంటాం. ఆ కాలేజీ ఫుల్‌పేజీ ర్యాంకుల ప్రకటన మా పేపర్లోనే రావాలి కదా.

ఢిల్లీలో కూడా మీకు మర్యాదకి లోటు లేదు. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో కుటుంబ సమస్యలు 31.7 శాతం, జబ్బులు 18.4 శాతం. జబ్బుల కింద ‘ఇతర దీర్ఘకాలిక వ్యాధులు’ అని ఒక గడి ఉంటుంది. నిజంగా జబ్బు పడి విసిగినవాళ్లు ఆ గడిలో ఎందరో ఉన్నారు. వాళ్ల మధ్యలోకే మా రైటరూ నేనూ కలిసి పుట్టించిన మూడేళ్ల జబ్బుని కూడా ఎవరో భద్రంగా దించి ఉంటారని నా అనుమానం. మా మండలం నుంచి ఢిల్లీ దాకా ఆ మాట ఎక్కడా ఆగలేదు. ఎవరూ అబద్ధమాడలేదు కూడా, ఒకరు చెప్పింది ఇంకొకరు రాసుకున్నారు, అంతే.

మీకు గిట్టనివాళ్లు ఈమధ్య బయల్దేరారు. టెలీ మానస్ అట, 14416కి ఫోన్ చేస్తే మనసులో ఉన్నది తెలుగులోనే చెప్పుకోవచ్చట. 2022 అక్టోబరు నుంచి ఉంది. కొన్ని పేపర్లు ఇలాంటి వార్తల కింద ఆ నంబరు వేస్తున్నాయి. నా రోజుల్లో అయితే మా పేపర్లో ఆ లైను చోటు లేక ఎగిరిపోయి ఉండేది. నాలుగు లైన్లూ మీకే సరిపోయేవి.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని తప్పుపట్టలేకపోతున్నాను. అత్తారింటి నుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లకి మనం చెప్పేది ఏమిటి? ‘కడుపులో పెట్టుకో తల్లీ.’ షాపతను నలుగురి ముందు కాలరు పట్టుకుంటే రైతుకి చెప్పేది? ‘కడుపులో పెట్టుకో అన్నా.’ బాబాయి వరసైనవాడు మీద చెయ్యి వేశాడని పన్నెండేళ్ల పిల్ల చెబితే వాళ్లమ్మ చెప్పేది కూడా అదే, కాకపోతే గొంతు తగ్గించి, తలుపు వేసి. ఇందరు ఇన్నేళ్లు అంతంత కడుపులో పెట్టుకున్నాక, తాళలేనంత నొప్పి అక్కడ కాక ఇంకెక్కడ వస్తుంది? మూడేండ్లు పెట్టుకో అన్న రైటర్ ఒక రకంగా నిజమే చెప్పాడేమో. పొరపాటున.

ఇది రాస్తుండగానే స్కూలు ఆటో వచ్చి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్లిపోయింది. లేచి వెళ్లి చూశాను. మా అమ్మాయి దుప్పటి కప్పుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. మంచం మీద కూర్చుని, ‘ఏం నొప్పి తల్లీ?’ అని అడిగాను. ఇంత రాసినవాణ్ణి కదా, అడిగే హక్కు వచ్చిందనుకున్నాను.

‘అమ్మని పిలువు’ అంది.

‘నాతో చెప్పొచ్చు కదమ్మా. స్కూల్లో ఎవరైనా ఏమైనా అన్నారా?’

చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత దుప్పటిలోంచే, ‘నాన్నా, చీటీలో కడుపునొప్పనే రాయి. టీచర్ ఇంకేం అడగరు’ అంది.

వంటింట్లోకి వెళ్లి వాళ్లమ్మని పంపాను. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల మాటలు వినిపిస్తున్నాయి గానీ ఏమిటో తెలియడం లేదు. ఇటు చీటీ ఇంకా టేబుల్ మీదే ఉంది. ‘కడుపునొప్పిగా ఉన్నందున’ దాకా ఎలాగూ రాసేశాను. మిగతా లైను కూడా పూర్తి చేసి సంతకం పెట్టాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఒక మాజీ విలేకరి