రైతుబజార్‌లో ఉండిపోయిన స్కూటర్

రెండు చేతుల్లో కూరల సంచులు, పళ్ళ మధ్య స్కూటర్ తాళం. ఆటో దిగి గుమ్మంలోకి రాగానే మా ఆవిడ చూపు సంచుల మీద కాదు, తాళం మీద పడింది.

"స్కూటర్ మీద కదా వెళ్ళారు?"

నిజమే. అది ఇంకా రైతుబజార్ గేటు పక్కనే ఉంది.

"వాడి తప్పేం లేదమ్మాయ్, వాళ్ళ నాన్న పోలిక" అంది అమ్మ, కందిపప్పులో రాళ్ళేరుతూ. నాన్న సైకిల్ మీద సినిమాకెళ్ళి, నడిచొచ్చి, సైకిల్ ఎవడో ఎత్తుకుపోయాడని వీధంతా అరిచారట.

"పోలిక కాదత్తయ్యా, పెంపకం. పెళ్ళయ్యేదాకా ఈయన చెప్పులు కూడా మీరే వెతికిపెట్టారు."

"మరి చిన్నాణ్ణీ నేనేగా పెంచాను?"

మా తమ్ముడు పదేళ్ళ నాటి కరెంటు బిల్లులు కూడా ఫైలులో పెట్టుకుంటాడు. అమ్మ గెలిచినట్టే అనుకున్నాను.

ఇంతలో డిగ్రీ చదివే మా అబ్బాయి దిగాడు. "అమెరికాలో ఇద్దరు కవలలు నెల పిల్లలప్పుడే విడిపోయి, వేరే వేరే ఇళ్ళల్లో పెరిగారు నాన్నా. 1979లో, 39 ఏళ్ళప్పుడు కలిశారు. చూస్తే ఇద్దరూ గోళ్ళు కొరుకుతారు. ఇద్దరి పేరూ జిమ్మే. మొదటి భార్య లిండా, రెండో భార్య బెట్టీ."

"రెండో భార్యా?" మా ఆవిడ చేతిలో గరిటె నా వైపు తిరిగింది.

"పేర్లు కలవడం కాకతాళీయమేనమ్మా, జన్యువుల్లో బెట్టీ ఉండదు! మినసోటాలో థామస్ బుషార్డ్ అనే ఆయన అలా విడిగా పెరిగిన కవలల్ని చాలా ఏళ్ళు పరిశీలించాడు. స్వభావాల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్లేనట. మిగతాది పరిసరాలు. అందులోనూ ఒకే ఇంట్లో పెరగడం కన్నా, ఎవరికి వాళ్ళకి విడిగా ఎదురయ్యే అనుభవాలే ఎక్కువట."

"అంటే సగం తాతయ్య తప్పు, సగం నానమ్మ తప్పు" అన్నాను ఆశగా.

"అలా పంచకూడదు నాన్నా. అది జనం మొత్తం మీద వేసిన లెక్క. నీ ఒక్కడి స్కూటర్‌కి పనికిరాదు."

అప్పుడొచ్చింది మాడు వాసన. పొయ్యి మీద పాలు, గిన్నె అడుగున నల్లగా. వంటింట్లోంచి వచ్చి అరగంటైన మా ఆవిడకి మా వంశంతో రక్తసంబంధమేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటోంది, అంతే.

అమ్మ పప్పు చేట పక్కన పెట్టి కళ్ళజోడు సర్దుకుంది. మా అబ్బాయి "ఇదిగో, దీన్నే పరిసరాల..." అని అందుకోబోయాడు.

"నోరు మూసుకుని నాన్నతో వెళ్ళి స్కూటర్ తీసుకురా" అంది మా ఆవిడ. వాడు గేటు దాటాక మళ్ళీ కేకేసింది: "ఆయన్ని కూడా!"