తెలుగు పాట ఘంటసాలతోనే ఆగిపోయిందా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

కొన్నేళ్లుగా ఒక మెసేజ్ కుటుంబ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. పేరాలు అటూ ఇటూ మారతాయి గానీ సారం ఒకటే. తెలుగు సినిమా పాట 1950, 60ల్లో శిఖరం ఎక్కింది, 1974లో ఘంటసాల పోయాక దిగడం మొదలుపెట్టింది, ఇప్పుడు పాతాళంలో ఉంది. దీనికి ఆరు సాక్ష్యాలు చూపిస్తారు. అప్పుడు సాహిత్యం, ఇప్పుడు బూతు. అప్పుడు సొంత బాణీ, ఇప్పుడు కాపీ. అప్పుడు గొంతు, ఇప్పుడు ఆటోట్యూన్. అప్పుడు తెలుగువాళ్లు పాడారు, ఇప్పుడు తెలుగు రానివాళ్లు పాడుతున్నారు. ఈ పతనాన్ని శాస్త్రవేత్తలు కూడా తేల్చేశారు. చివరగా, ఇప్పటి పాట ఏదీ యాభై ఏళ్లు బతకదు.

దాన్ని పంపేవాళ్లకు ఇష్టమైన పాటలే నాకూ ఇష్టం. 'మల్లీశ్వరి' పాటలు మొదలైతే చేతిలో పని ఆగిపోయే మనిషినే. నా పేచీ పాత పాటతో కాదు, దాన్ని అడ్డం పెట్టుకుని చేసే వాదనతో.

సాహిత్యంతో మొదలుపెడదాం, ఎక్కువ గొడవ అక్కడే కాబట్టి.

ముందు ఈ పోలిక ఎలా తయారైందో చూడాలి. ఒక పక్కన పింగళి, సముద్రాల, దేవులపల్లి, ఆత్రేయ రాసినవాటిలో రేడియోలు, పెళ్లిపందిళ్ల మైకులు, కచేరీలు, టీవీ పోటీలు అరవై డెబ్భై ఏళ్లుగా వడగట్టగా మిగిలిన పాటలు. ఇంకో పక్కన పోయిన శుక్రవారం విడుదలైన సినిమాలోని ఐటం సాంగ్. ఇదేం పందెం? అప్పట్లో సినిమాకు పది పాటలు మామూలు. 'లవకుశ' (1963)లో పద్యాలూ పాటలూ కలిపితే ముప్పై దాటతాయి. ఆ రెండు దశాబ్దాల్లో వచ్చిన సినిమాల్లో చాలావాటి పేర్లే మనకు గుర్తు లేవు, ఇక వాటి పాటల సంగతి చెప్పేదేముంది. మూస డ్యూయెట్లు, చప్పటి నీతిపాటలు, హిందీ ట్యూనుకు అతికించిన మాటలు వాటిలో బోలెడు. అవి మరుగున పడ్డాయి కాబట్టి ఆ కాలం అంత శుభ్రంగా కనిపిస్తోంది.

మిగిలినవాటిలోనూ అన్నీ తులసితీర్థం కాదు. 'ఇల్లరికం' (1959)లో కొసరాజు 'భలే ఛాన్సులే' అని ఇంగ్లీషు మాటతోనే పల్లవి ఎత్తుకున్నారు. జనం ఆ పాటను నెత్తిన పెట్టుకున్నారు. 'కులగోత్రాలు' (1962)లో పేకాటలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల గోల, 'రాముడు భీముడు' (1964)లో సిగరెట్టు సరదా పాట కూడా ఆయనవే. మూడూ గొప్ప పాటలేనని నా అభిప్రాయం. ఇవాళ ఒక కుర్ర కవి సిగరెట్టు మీద పాట రాస్తే మాత్రం ఇదే గ్రూపులో ఏ మెసేజ్ వస్తుందో ఊహించుకోవచ్చు. 'దేవుడు చేసిన మనుషులు' (1973)లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన 'మసక మసక చీకటిలో' ఏ కోవలోకి వస్తుంది? ఆత్రేయను మనసు కవి అన్న ఈ పరిశ్రమే బూత్రేయ అని కూడా వెక్కిరించింది.

అన్నిటికంటే గట్టి సాక్షి వేటూరి. 1979లో 'వేటగాడు'కు ఆకుచాటు పిందెను తడిపిన వానపాట రాశారు. ఏడాది తిరక్కుండానే, 1980 ఫిబ్రవరిలో, ఆయన రాసిన 'శంకరాభరణం' పాటలు వచ్చాయి. మనిషి ఒక్కడే, కాలం ఒక్కటే. మారింది సందర్భం, నిర్మాత అడిగిన సరుకు. సినిమా పాట ఎప్పుడూ ఆర్డరు మీద తయారయ్యే వస్తువే. మంచి కవి ఆ ఆర్డరులోనే తన సొంత మాట ఒకటి దూర్చేస్తాడు. ఇప్పుడూ అదే జరుగుతోంది. 1986లో 'సిరివెన్నెల' పాటలతో ఇంటిపేరే మార్చుకున్న సీతారామశాస్త్రి, 2019లో కుర్రకారంతా పాడుకున్న 'సామజవరగమన' కూడా రాశారు. ఆయన పాత కాలం మనిషా, కొత్త కాలం మనిషా? 2004లో చంద్రబోస్, కీరవాణి కలిసి చేసిన 'మౌనంగానే ఎదగమని' బడి పిల్లలు ప్రార్థనలా పాడతారు. 'నాటు నాటు' కూడా ఆ ఇద్దరిదే. దానికి 2023లో ఆస్కార్ వచ్చిందని గుర్తు చేసి వాదన ముగించే ఉద్దేశం నాకు లేదు. ఆస్కార్ ఇచ్చినవాళ్లకు మోటు నాటు తెలుగు ఏం తెలుసు.

తెలుగు తెలిసినవాళ్లు కూర్చునే జాతీయ అవార్డుల సంగతే చూద్దాం. ఉత్తమ గీత రచనకు తెలుగు పాటలకు దక్కినవి ఐదు: 1974 సినిమాకు శ్రీశ్రీ, 1993కు వేటూరి, 2003కు సుద్దాల అశోక్ తేజ, 2021కు చంద్రబోస్, 2023కు కాసర్ల శ్యామ్. ఐదింటిలో మూడు ఈ శతాబ్దానివే. అయితే ఆ అవార్డు 1968లోగానీ పుట్టలేదు కాబట్టి పింగళికి రాలేదని దెప్పడం అన్యాయం. నేను చెప్పేది ఒక్కటే: పాట పాతాళంలో ఉందన్న మాటకు ఈ జాబితా అడ్డం తగులుతుంది.

కాసర్ల శ్యామ్‌కు అవార్డు తెచ్చిన 'బలగం' పాట ఇంకో విషయం కూడా చెబుతుంది. ఫార్వర్డ్ రాసినవాళ్లకు అది తట్టినట్టు లేదు. స్వర్ణయుగం పాటల్లో వినిపించే తెలుగు చాలావరకు గ్రాంథికం, లేదంటే కోస్తా శిష్టుల తెలుగు. తెలంగాణ పల్లె మాట ప్రధాన పాటలోకి రావడం అరుదు. ఇవాళ ఆ యాస నవ్వించడానికి రావడం లేదు, ఏడిపించడానికి వస్తోంది. 'బలగం' చివర కొమురమ్మ, మొగిలయ్య అనే బుడగజంగాల కళాకారులు పాడిన పాట వింటూ ఊళ్లలో తెరలు కట్టుకుని చూసిన జనం ఏడ్చారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గొంతు 2021లో ఒక పెద్ద హీరో సినిమా టైటిల్ పాటలో వినిపించింది. 1957లో వీళ్లకు మద్రాసు స్టూడియో గేటు తెరుచుకునేదా?

కాపీ సంగతి తొందరగా తేల్చేయొచ్చు. తొలి టాకీల కాలం నుంచీ హిందీ బాణీలకు తెలుగు మాటలు కూర్చడం మామూలు వ్యవహారం. రీమేకు తీస్తే ట్యూను కూడా తెచ్చుకునేవాళ్లు. రఫీ పాడిన 'నా మది నిన్ను పిలిచింది గానమై' ('ఆరాధన', 1976) అందరికీ ప్రాణం. దాని బాణీ 1970 నాటి ఒక హిందీ సినిమాలోది. ఇప్పుడు కాపీ కొడితే సాయంత్రానికల్లా రెండు పాటలూ పక్కపక్కన పెట్టి వీడియో చేసేవాళ్లున్నారు. అప్పుడు దొంగలు లేరని కాదు, సీసీ కెమెరాలు లేవు.

గొంతు, ఆటోట్యూన్ అన్న మాటలో కొంత నిజం ఉంది. అప్పట్లో గాయకులు, వాద్యకారులు ఒకే గదిలో, ఒకే సారి, ఆపకుండా పాట పూర్తి చేయాలి. చివరి చరణంలో వయొలిన్ తప్పితే మళ్లీ మొదటి నుంచే. ఆ ఒత్తిడిలో సుశీల, ఘంటసాల అంత పొందికగా పాడారంటే అది మామూలు విద్య కాదు. 1997లో ఆటోట్యూన్ అమ్మకానికి వచ్చాక అపశ్రుతిని మౌస్‌తో సరిచేయడం మొదలైంది. ఇది కాదనను.

కానీ సాంకేతికత సాయం అప్పుడు లేదా? 1932లో 'భక్త ప్రహ్లాద' వచ్చినప్పుడు నటించినవాళ్లే పాడాలి. మైకు వచ్చాకే మెల్లగా, గుసగుసగా పాడే గొంతుకు విలువ వచ్చింది. నాటక రంగం మీద అలాంటి గొంతు రెండో వరుసకు కూడా వినపడదు. తెర మీద ఒకరు పెదవులు కదిపితే తెర వెనక ఇంకొకరు పాడే ప్లేబ్యాక్ కూడా సాంకేతిక మాయే. దానికి అలవాటు పడిపోయి, అదే సహజమనుకుంటున్నాం. పాట మూడు నిమిషాల చుట్టూ తిరగడానికి కూడా కారణం కళ కాదు, 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపున పట్టేది అంతే. ఇవాళ రీల్స్ కోసం ముప్పై సెకన్ల హుక్ చెక్కుతున్నారని తిట్టేవాళ్లు ఆ రికార్డును కూడా ఒకసారి తలుచుకోవాలి.

నిజంగా పోయినవి వేరే ఉన్నాయి, ఫార్వర్డ్‌లో వాటి ఊసే లేదు. రెండో చరణం చాలా పాటల్లో మాయమైంది. పాట మొదటి నుంచి చివరి దాకా ఒకే హోరుతో మిక్స్ చేయడం వల్ల మెల్లగా మొదలై పెరిగే సుఖం తగ్గింది. కీబోర్డు వచ్చాక వయొలిన్, షెహనాయ్, తబలా వాయించే ఎంతమంది వాద్యకారులకు పని పోయిందో మద్రాసులో ఏ పాత సంగీతకారుణ్ని అడిగినా చెబుతారు. సినిమాకు ఆరు నెలల ముందే లిరికల్ వీడియో వదలడంతో పాటకూ కథకూ బంధం తెగింది. సినిమా చూస్తున్నప్పుడు ఆ పాట ఎందుకొచ్చిందో ఒక్కోసారి దర్శకుడికి కూడా తెలియదనిపిస్తుంది. ఇవి రాసి పంపితే నేనూ పదిమందికి ఫార్వర్డ్ చేస్తాను.

ఉచ్చారణ మీద ఫిర్యాదు న్యాయమైనదే. 'ళ' పలకాల్సిన చోట 'ల' పలికితే, ఒత్తులు మింగేస్తే చెవికి ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది. కానీ 'అప్పుడు తెలుగువాళ్లే పాడారు' అన్నది అబద్ధం. 'మిస్సమ్మ', 'మాయాబజార్' పాటలు పాడిన పి. లీల మలయాళీ. 'శంకరాభరణం'కు జాతీయ అవార్డు అందుకున్న వాణీ జయరాం తమిళురాలు. ఏసుదాసు సంగతి సరేసరి. రఫీ 1969లోనే 'భలే తమ్ముడు'లో ఎన్టీఆర్‌కు పాడారు. ఆ ఉచ్చారణను ముద్దుగా ఉందని క్షమించినవాళ్లే సిద్ శ్రీరామ్‌ను ఉతికి ఆరేస్తున్నారు. లీల ఉచ్చారణలో తప్పు పట్టడం కష్టం. కాబట్టి పుట్టిన ఊరు అసలు కారణం కాదు. అప్పుడు రిహార్సల్సు ఉండేవి, పక్కన నిలబడి అక్షరం అక్షరం దిద్దే మనిషి ఉండేవాడు. ఇప్పుడు గాయకుడు ముంబైలోనో అమెరికాలోనో ఇంట్లో పాడి ట్రాక్ పంపేస్తాడు. దిద్దే మనిషికి జీతం ఇవ్వని నిర్మాతను అడగాల్సిన ప్రశ్న ఇది.

ఇక శాస్త్రవేత్తలు. ఫార్వర్డ్‌లో పేరు చెప్పరు గానీ, వాళ్లు ఎత్తుకొచ్చేది 2012లో బార్సిలోనా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. 1955 నుంచి 2010 దాకా వచ్చిన నాలుగు లక్షల అరవై నాలుగు వేలకు పైగా రికార్డింగులను కంప్యూటరుతో కొలిచారు. స్వరాల మలుపుల్లో, వాద్యాల ధ్వనుల్లో వైవిధ్యం తగ్గిందనీ, హోరు పెరిగిందనీ చెప్పారు. సరే. కానీ అది పాశ్చాత్య పాపులర్ సంగీతం, అందులో మన సాలూరి లేడు, తమన్ లేడు. సంగీతం మూల స్వభావం యాభై ఏళ్లుగా పెద్దగా మారలేదని కూడా అదే వ్యాసం చెప్పింది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. పైగా స్వరాలను పన్నెండు గళ్లలోకి సర్ది లెక్కించే పద్ధతి అది. స్వరాన్ని ఊపుతూ పలికే మన గమకం ఆ గళ్ల మధ్యలోంచి జారిపోతుంది. 2015లో లండన్ పరిశోధకులు అమెరికా హిట్ పాటలు 17 వేల దాకా తీసుకుని 1960 నుంచి 2010 వరకు చూస్తే, పాటలు క్రమంగా ఒకేలా అయిపోతున్నాయన్న దానికి ఆధారం దొరకలేదు. వైవిధ్యం 1980ల మధ్యలో బాగా తగ్గి, తర్వాత మళ్లీ పెరిగింది. 'బాగుంది' అన్నదాన్ని ఈ రెండు అధ్యయనాల్లో ఏదీ కొలవలేదు.

వినేవాళ్లను కొలిచిన అధ్యయనం ఇంకొకటి ఉంది. 1989లో ఇద్దరు అమెరికన్ పరిశోధకులు రకరకాల వయసులవాళ్లకు వేర్వేరు కాలాల పాటలు వినిపించారు. ఎక్కువ నచ్చినవి వాళ్లకు సుమారు 24 ఏళ్లున్నప్పుడు వచ్చిన పాటలు. మా బాబాయికి 'ప్రేమనగర్', నాకు రెహమాన్, మా అమ్మాయికి అనిరుధ్. ఎవరి లెక్కలో వాళ్లదే స్వర్ణయుగం.

'ఇప్పటి పాట యాభై ఏళ్లు బతకదు' అన్నది జోస్యం, దాన్ని ఖండించడానికి నేనూ యాభై ఏళ్లు ఆగాలి. ఈలోగా 1993 నాటి 'రాలిపోయే పువ్వా' ముప్పై ఏళ్లు దాటి ఏ మాత్రం వాడలేదు. 1996లో మొదలైన 'పాడుతా తీయగా'లో పదేళ్ల పిల్లలు లీల పాటలు పాడుతున్నారు, అదే వేదిక మీద ఈ శతాబ్దపు పాటలూ పాడుతున్నారు. ఏది నిలుస్తుందో ఆ పిల్లలు పెద్దయ్యాక తేల్చుకుంటారు.

స్వర్ణయుగం నడుస్తున్నప్పుడు పెద్దలు దాని గురించి ఏమనుకున్నారో కూడా రికార్డుల్లో ఉంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ సినిమా పాటలు చవకబారువని, శాస్త్రీయ సంగీతాన్ని పాడుచేస్తున్నాయని ఆకాశవాణిలో వాటిని బాగా తగ్గించేశారు. నిర్మాతలతో గొడవ ముదిరి కొన్నాళ్లకు సినిమా పాట ఆకాశవాణిలో దాదాపు వినబడకుండా పోయింది. జనం రేడియో ముల్లును సిలోన్ వైపు తిప్పుకున్నారు. ప్రభుత్వం చివరికి దిగొచ్చి 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలుపెట్టింది. ఇవాళ ఈ మెసేజ్ పంపుతున్న పెద్దవాళ్లలో చాలామందికి ఆ పాటలు అలవాటు చేసింది ఆ రేడియోనే.