పది నిమిషాల్లో అవతార్ ఎత్తేవాళ్లకు

వీఆర్‌చాట్ అనే వర్చువల్ లోకంలో సొంత అవతార్, అంటే అక్కడ మన బదులు తిరిగే త్రీడీ బొమ్మ, చేసుకోవడం పది నిమిషాల పని అని చెప్పే పోస్టు ఒకటి కొంతకాలంగా చేతులు మారుతోంది. ఒకచోట చిన్న వీడియో, ఇంకోచోట స్క్రీన్‌షాట్, మరోచోట ఫార్వర్డ్. సరుకు మాత్రం ఒకటే. ఏఐ యాప్‌కి మీ ఫోటో ఇస్తే అచ్చం మీలాంటి త్రీడీ మోడల్ ఇస్తుందట. అది నచ్చకపోతే నెట్‌లో బోలెడు మోడల్స్ ఉన్నాయి, అన్నీ ఉచితమేనట. దాన్ని గేములు తయారుచేసే యూనిటీ సాఫ్ట్‌వేర్‌లో పడేసి అప్‌లోడ్ నొక్కడమే. పాలిగాన్లు (మోడల్‌ను కట్టే చిన్న పలకలు), టెక్స్చర్లు (వాటి మీద పరిచే బొమ్మలు) ఎంత ఎక్కువైతే అంత అందం. ఏ హెడ్‌సెట్‌లోనైనా, ఫోన్‌లోనైనా కనిపిస్తుంది. పైసా ఖర్చు లేదు. ఒకసారి ఎక్కించాక ఇక దాని జోలికి పోనక్కర్లేదు.

ఇందులో ఒక ముక్క నిజం, దాన్ని ముందే ఒప్పేసుకుంటాను. పైసా ఖర్చు లేకుండా చెయ్యొచ్చు. త్రీడీ మోడల్స్ చెక్కే బ్లెండర్ ఉచితం, యూనిటీ పర్సనల్ ఉచితం, అనిమే తరహా పాత్రలు చేసే వీరాయిడ్ స్టూడియో ఉచితం, అవతార్లు ఎక్కించడానికి వీఆర్‌చాట్ ఇచ్చే సాధనాల మూట, ఎస్‌డీకే, ఉచితం. హెడ్‌సెట్ కూడా లేకపోయినా ఫర్వాలేదు, మామూలు కంప్యూటర్ మీద డెస్క్‌టాప్ మోడ్‌లో తిరగొచ్చు. నా పేచీ అంతా మిగతాదానితో.

"ఫోటో ఇస్తే మోడల్ వస్తుంది, ఆ మోడలే అవతార్."

ఫోటో ఇస్తే వచ్చేది విగ్రహం. ఇక్కడ కావలసింది కీలుబొమ్మ. అది చెయ్యెత్తాలి, మోకాలు మడవాలి, పెదవులు కదపాలి, రెప్పలు ఆర్పాలి. అందుకు లోపల ఎముకల వరస ఉండాలి. తుంటి దగ్గర మొదలై వెన్ను, ఛాతీ, మెడ, తల. అటూ ఇటూ భుజం, పై చెయ్యి, ముంజెయ్యి, అరచెయ్యి, వేళ్లు. కింద తొడ, పిక్క, పాదం. దీన్నే యూనిటీలో హ్యూమనాయిడ్ రిగ్ అంటారు. ఈ వరస సరిగ్గా లేకపోతే మీరు చెయ్యి ఎత్తినా బొమ్మలో ఏది లేవాలో దానికి తెలియదు.

మిక్సమో లాంటి ఆటో రిగ్గింగ్ సాధనాలు ఎముకలు పెట్టిపెడతాయి కదా అంటారు. పెడతాయి. అసలు చాకిరీ ఆ తర్వాత మొదలవుతుంది. ఏ ఎముక చర్మంలో ఏ భాగాన్ని ఎంత గట్టిగా లాగాలో చెప్పాలి. ఈ పని పేరు వెయిట్ పెయింటింగ్. బ్లెండర్‌లో ఒక ఎముకను ఎంచుకోగానే ఒళ్లంతా నీలం రంగుకు తిరుగుతుంది. ఆ ఎముక మాట పూర్తిగా వినే చోట ఎరుపు, సగం సగం వినే చోట ఆకుపచ్చ, పసుపు. ఆటో రిగ్ చేసిన మోడల్ ఒకటి తెరిచి, పై చెయ్యి ఎముక నొక్కి, చంక కిందకు చూడండి. ఆకుపచ్చ చాలాసార్లు పక్కటెముకల దాకా పాకి ఉంటుంది. చేతులు చాచి నిలబెట్టినంతసేపూ ఏ లోపమూ కనబడదు. ఎవరినైనా చూసి చెయ్యూపారా, చేతితో పాటు ఛాతీ పక్క భాగం గుడారంలా లేచొస్తుంది. దాన్ని బ్రష్‌తో కాస్త తుడిచి, చెయ్యి ఎత్తి చూసి, మళ్లీ కాస్త తుడిచి... నాకు మొదటిసారి ఒక్క భుజానికే ఒక సాయంత్రం పట్టింది. ముంజేతిది ఇంకో కథ. అరచెయ్యి తిప్పితే మణికట్టు దగ్గర చర్మం తడిగుడ్డ పిండినట్టు మెలిపడిపోతుంది. ఆ మెలికను ముంజెయ్యి పొడవునా పంచడానికి విడిగా ఇంకో ఎముక పెట్టేవాళ్లూ ఉన్నారు.

నోటి సంగతి ఇంకా ఘోరం. వీఆర్‌చాట్ మీ గొంతు విని పెదవులు కదపడానికి 15 నోటి ఆకారాలు అడుగుతుంది. మౌనానికి ఒకటి, పెదవులు రెండూ కలిసే ప, బ, మ లాంటివాటికి ఒకటి, పంటితో పెదవి నొక్కే ఫ లాంటిదానికి ఒకటి, నోరు తెరిచే ఆ, గుండ్రంగా చుట్టే ఓ, ఇలా. వీటిని విసీమ్‌లు అంటారు. ఫోటో నుంచి పుట్టిన మోడల్‌లో పెదవులు తరచూ రంగు మాత్రమే. బుగ్గ నుంచి గడ్డం దాకా ఒకే అతుకులేని తోలు. దానికి చీలిక లేదు, లోపల పళ్లు లేవు, నాలుక లేదు. కళ్లూ అంతే, గుడ్డు వేరుగా ఉండదు, తిరగదు. ముందు నోరు కోసి, లోపల గుహ కట్టి, పళ్లు అమర్చి, ఆ తర్వాత 15 ఆకారాలు చెక్కాలి. ఏఐ యాప్ మిగిల్చిన పని ఇదంతా.

"అచ్చం మీలా" అన్న మాట మీద కూడా ఒక ముక్క. వీఆర్‌చాట్‌లో మీ తల మీకు కనిపించదు. కళ్లకు జుట్టూ, ముక్కు లోపలి భాగం అడ్డం రాకుండా, మీ చూపు వరకు తల ఎముకను సున్నాకు కుదించేస్తుంది. అద్దం ముందు నిలబడితే తప్ప ఆ ముఖం చూసేది ఎదుటివాళ్లే. రోజంతా మీ ఎదుట ఉండేవి మీ చేతులు. ముఖం పోలిక కోసం వారం తగలేసి, వేళ్లు సరిగా ముడవని బొమ్మతో తిరిగేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

"యూనిటీలో పడేసి అప్‌లోడ్ నొక్కడమే, పది నిమిషాలు."

వీఆర్‌చాట్ కోసమే తయారుచేసి, ప్యాకేజీ చేసి ఇచ్చిన మోడల్ చేతిలో ఉండి, సాఫ్ట్‌వేర్ అంతా ముందే ఎక్కించి ఉంటే, అవును, పది నిమిషాలే. అంటే వంటంతా అయ్యాక వడ్డించడానికి పట్టే టైము. మొదటిసారి చేసేవాళ్లు వీఆర్‌చాట్ వాళ్ల క్రియేటర్ కంపానియన్ అనే యాప్ దించుకోవాలి, అది చెప్పిన యూనిటీ వెర్షనే ఎక్కించాలి. ఇప్పుడది 2022.3 వరస, ఇంకా కొత్తది కదా అని వేరేది పెడితే కుదరదు. తర్వాత ఇది అవతార్ అని వీఆర్‌చాట్‌కు చెప్పే అవతార్ డిస్క్రిప్టర్ తగిలించాలి. చూపు ఎక్కడి నుంచి ఉండాలో చెప్పే చిన్న గుండును రెండు కళ్ల మధ్యకు జరపాలి. అది నుదుటి మీద ఉండిపోతే మీరు ఎవరితో మాట్లాడినా వాళ్ల నెత్తి మీదుగా చూస్తున్నట్టుంటుంది.

యూనిటీ ఎముకల పేర్లు తనంతట తను గుర్తుపట్టి జత చేస్తుంది. ఎక్కువసార్లు సరిగ్గానే చేస్తుంది. నా మొదటి అవతార్‌కు దవడ ఎముక లేదు. యూనిటీ ఊరుకుందా, ముందు జుట్టులో ఉన్న ఎముకను తీసుకెళ్లి దవడ గడిలో పెట్టింది. నేను చూసుకోలేదు. నోటి ఆకారాలు కూడా చెయ్యలేదు కాబట్టి ఎస్‌డీకే దవడతోనే సరిపెట్టుకుంది. ఆ రాత్రి నేను నోరు విప్పినప్పుడల్లా పెదవులు బిగించుకునే ఉన్నాయి, నుదుటి మీది జుట్టు మాత్రం టపటపా కొట్టుకుంది. ఎదుటివాళ్లు ఎందుకు నవ్వుతున్నారో అద్దం ముందుకు వెళ్లేదాకా తెలియలేదు. రిగ్ కాన్ఫిగర్ పేజీలో దవడ గడిని ఖాళీ చేస్తే పోయే తప్పు అది. పది సెకన్ల పని, తెలిస్తే.

పోస్టు అసలు ఎత్తని ఇంకో సంగతి: కొత్తగా ఖాతా తెరిచినవాళ్లు విజిటర్ ర్యాంకులో ఉంటారు. వాళ్లకు అప్‌లోడ్ హక్కే లేదు. కొంతకాలం లోపల తిరిగి, నలుగురితో కలిసి, న్యూ యూజర్ ర్యాంకు వచ్చాకే ఆ తలుపు తెరుచుకుంటుంది.

"పాలిగాన్లు ఎంత ఎక్కువైతే అంత అందం."

పోస్టులో అన్నిటికన్నా చెడుపు చేసే మాట ఇదే. ఎందుకంటే మీ అవతార్ భారం మోసేది మీ కంప్యూటర్ ఒక్కటే కాదు. గదిలో ముప్పై మంది ఉంటే ముప్పై యంత్రాలూ దాన్ని దించుకుని, రెండు కళ్లకు రెండుసార్లు, సెకనుకు 72 సార్లో 90 సార్లో గీయాలి. మీ ముచ్చట, వాళ్ల కళ్లు తిరగడం.

అందుకే వీఆర్‌చాట్ ప్రతి అవతార్‌కూ ఒక ర్యాంకు ఇస్తుంది: ఎక్సలెంట్, గుడ్, మీడియం, పూర్, వెరీ పూర్. పాలిగాన్లను లెక్కపెట్టేది త్రిభుజాల్లో. కంప్యూటర్ వెర్షన్‌లో 32,000 త్రిభుజాల లోపు ఉంటే ఎక్సలెంట్, 70,000 దాటితే వెరీ పూర్. మెటీరియల్ స్లాట్లు, అంటే బొమ్మలో ఒక్కో భాగానికి రంగూ మెరుపూ పెట్టే గడులు, 4 లోపు ఎక్సలెంట్, 32 దాటితే వెరీ పూర్. ఏ ఒక్క లెక్కలో జారినా మొత్తం ర్యాంకు అక్కడికే జారుతుంది. త్రిభుజాలు మాత్రమే లెక్కపెట్టుకునేవాళ్లు మెటీరియల్స్ దగ్గర దెబ్బతింటారు. ప్రతి స్లాటూ గ్రాఫిక్స్ కార్డుకు గీయమని విడిగా ఒక పిలుపు. బొత్తాలకొకటి, బెల్టుకొకటి, బూటు లేసుకొకటి పెట్టిన బొమ్మ, త్రిభుజాలు తక్కువున్నా బరువే. చొక్కా, ప్యాంటు, బూట్ల టెక్స్చర్లన్నీ ఒకే షీటు మీదకు సర్దే అట్లాసింగ్ పని అందుకే. ఇంకో భ్రమ: మెనూలో దాచేసిన బట్టలు లెక్కలోకి రావని. వస్తాయి. పది జతలు పెట్టి తొమ్మిది దాచినా పదీ లెక్కే, పదీ అవతలివాళ్లు దించుకోవాల్సిందే.

టెక్స్చర్ల లెక్క చాలామంది తప్పుగా వేస్తారు. "జేపీజీగా సేవ్ చేశాను, 2 ఎంబీయే" అంటారు. గ్రాఫిక్స్ కార్డుకు జేపీజీ తెలియదు. 4096 బై 4096 బొమ్మను బీసీ7 పద్ధతిలో కుదించినా కార్డు మెమరీలో 16 ఎంబీ తింటుంది. దూరం నుంచి చూసేందుకు ఉంచే చిన్న ప్రతులు, అంటే మిప్‌మ్యాప్‌లు, కలిపితే సుమారు 21. అలాంటివి రెండు పెట్టేసరికి ఎక్సలెంట్‌కున్న 40 ఎంబీ హద్దు దాటిపోయారు. ఎనిమిది పెడితే పూర్‌కున్న 150 కూడా దాటేశారు. అదే 2048కి దించితే ఒక్కోటి నాలుగో వంతు. బూటు అడుగు టెక్స్చర్ 4096లో పెట్టిన అవతార్‌ను నేను చూశాను. ఆ అడుగును ఎవరు ఎప్పుడు చూస్తారో ఆ మహానుభావుడికే తెలియాలి.

"ఏ హెడ్‌సెట్‌లోనైనా, ఫోన్‌లోనైనా కనిపిస్తుంది."

కనిపించదు. కంప్యూటర్‌కు ఒక అప్‌లోడ్, క్వెస్ట్ హెడ్‌సెట్‌కూ ఆండ్రాయిడ్ ఫోన్లకూ అదే అవతార్ ఐడీ మీద ఇంకో అప్‌లోడ్ చెయ్యాలి. రెండోదానికి రూల్సే వేరు: 10 ఎంబీ దాటితే అసలు ఎక్కదు, వీఆర్‌చాట్ ఇచ్చిన మొబైల్ షేడర్లే (పైతోలు ఎలా కనబడాలో చెప్పే ప్రోగ్రాములు) వాడాలి. పారదర్శకతను అవి ఒప్పుకోవు. కంప్యూటర్‌లో గాజులా మెరిసిన కళ్లద్దాలు ఇక్కడ పెంకుల్లా తయారవుతాయి. త్రిభుజాలు 15,000 దాటితే పూర్, 20,000 దాటితే వెరీ పూర్. క్వెస్ట్‌లో ఎదుటివాళ్ల అవతార్ చూపించడానికి కావలసిన కనీస ర్యాంకు ముందే మీడియంకు పెట్టి ఉంటుంది కాబట్టి, దానికి కింద ఉన్నవాళ్లు అవతలివాళ్లకు మీరనుకున్న రూపంలో కనబడరు. బదులుగా ఒక ఫాల్‌బ్యాక్ బొమ్మ నిలబడుతుంది. రెండో అప్‌లోడ్ చెయ్యకపోయినా ఇదే గతి. మీరేమో అద్దంలో రెక్కలు చూసుకుని మురుస్తుంటారు, ఎదురుగా ఉన్నవాడు ఎవరో అనామకుడితో మాట్లాడుతుంటాడు.

"నెట్‌లో ఉన్నవన్నీ ఉచితమే."

దించుకోగలగడం వేరు, వాడుకునే హక్కు వేరు. ఏదో గేములోంచి పీకి పెట్టిన మోడల్ ఉచితంగా దొరికినంత మాత్రాన అది పెట్టినవాడి సొత్తు కాదు. హక్కుదారు ఫిర్యాదు చేస్తే పోయేది మీ అవతారే. బూత్ అనే ఆన్‌లైన్ అంగడి లాంటి చోట మోడల్స్ పెట్టే కళాకారులు షరతులు విడిగా రాస్తారు: మార్చుకోవచ్చా, మార్చినది ఇంకొకరికి ఇవ్వొచ్చా, అమ్మకానికి వాడొచ్చా అని. అవతార్ల కోసమే ఉన్న వీఆర్‌ఎం రకం ఫైల్ అయితే ఆ షరతులు ఫైల్ లోపలే ఉంటాయి. సొంతానికి మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇవ్వకూడదు అన్న షరతు చాలాచోట్ల కనబడుతుంది. అలాంటిదాన్ని తెలియక పబ్లిక్‌గా అప్‌లోడ్ చేశారనుకోండి, ఎవరు పడితే వాళ్లు తొడుక్కుని తిరగొచ్చు; అంటే మీరు పంచిపెట్టినట్టే. ప్రైవేట్‌గా ఉంచండి.

"ఒకసారి ఎక్కించాక ఇక దాని జోలికి పోనక్కర్లేదు."

2020లో వీఆర్‌చాట్ అవతార్ల కొత్త పద్ధతి, అవతార్స్ 3.0, వచ్చి మెనూలు, హావభావాలు చేసే తీరే మారిపోయింది. జుట్టు, తోకలు ఊగడానికి అంతకుముందు చాలామంది డైనమిక్ బోన్ అనే యూనిటీ యాడ్ఆన్ కొని వాడేవాళ్లు; 2022లో వీఆర్‌చాట్ సొంతంగా ఫిజ్‌బోన్స్ తెచ్చింది. ఈ మధ్యలో యూనిటీ వెర్షన్ కూడా 2017 నుంచి 2018కి, 2019కి, 2022కి జరుగుతూ వచ్చింది. జరిగిన ప్రతిసారీ పాత ప్రాజెక్టులు తెరిచి సర్దుకోవాల్సి వచ్చింది.

తెరవడానికి ప్రాజెక్టు ఉంటే కదా. అప్‌లోడ్ చేసింది సర్వర్‌లో ఉంటుంది గానీ, దాన్ని తిరిగి యూనిటీలోకి దించుకుని దిద్దుకునే దారి లేదు. యూనిటీ ప్రాజెక్టు ఫోల్డర్, బ్లెండర్ ఫైల్ మీ దగ్గర ఉండాల్సిందే, అదీ రెండు చోట్ల. డిస్క్ ఫార్మాట్ చేసిన రోజు నాకు ఈ బుద్ధి లేదు. ఆ మొదటి అవతార్ ఇప్పటికీ నా ఖాతాలో ఉంది, అప్పుడప్పుడు వేసుకుంటాను కూడా. దవడ గడి ఖాళీ చెయ్యడానికి పది సెకన్లు చాలు, కానీ చెయ్యడానికి ప్రాజెక్టు లేదు. నేను మాట్లాడితే జుట్టు ఇంకా కొట్టుకుంటూనే ఉంటుంది. పాత స్నేహితులు దూరం నుంచే దాన్ని చూసి గుర్తుపడతారు.