పంతులుగారికి క్రేనుతో సన్మానం

ఏప్రిల్ 16 దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. 1848లో ఆ రోజున కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో పుట్టారు. పుట్టడం ఆయన తప్పు కాదు. అయినా మన జయంతి కమిటీలు దాన్ని నేరంగానే పరిగణించి, ఏటా ఊరూరా శిక్ష అమలు చేస్తున్నాయి.

శిక్ష తీరు మీకు తెలిసిందే. పదింటికి రావలసిన ముఖ్య అతిథి పన్నెండున్నరకు వస్తారు. అంతవరకూ బడిపిల్లలు ఎండలో నిలబడాలి. పంతులుగారికి చదువంటే ప్రాణం కదా మరి! ఫ్లెక్సీ మీద స్థానిక నాయకుల ముఖాలు గుమ్మడికాయలంత, పంతులుగారిది పాస్‌పోర్టు సైజు. తర్వాత క్రేను వస్తుంది. గజమాల పైకి లేస్తుంది. "కుడికి... ఇంకొంచెం కుడికి... ఆపవయ్యా!" అంటూ పదిమంది పది దిక్కులకు చేతులు ఊపుతారు. డ్రైవరు పదకొండో దిక్కుకు తిప్పుతాడు. మాల తిన్నగా వెళ్లి ముఖ్య అతిథి ఫ్లెక్సీకి పడుతుంది. చప్పట్లు. విగ్రహానికి కదా వెయ్యాల్సింది అని ఎవరో గొణిగితే మళ్లీ లేపుతారు. ఈసారి పంతులుగారి కళ్లూ ముక్కూ నోరూ బంతిపూలలో మునిగిపోతాయి. ముఖ్యంగా నోరు. ఇక భయం లేదు గనక ప్రసంగాలు అందుకుంటారు: సంఘ సంస్కర్త, గద్య తిక్కన, యుగపురుషుడు. జోహార్.

ఆ నోటికి భయపడటం న్యాయమే. 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి, లంచాలు మింగే అధికారుల్నీ వాళ్లతో లాలూచీపడే ప్లీడర్లనీ ఉతికి ఆరేసిన నోరది. అప్పట్లో ‘ఆంధ్రభాషా సంజీవని’ నడుపుతున్న కొక్కొండ వేంకటరత్నం పంతులుగారు ఈయన్ని వెక్కిరించడానికి ‘హాస్యవర్ధని’ మొదలుపెడితే, ఈయన తిరిగి ‘హాస్య సంజీవని’ మొదలుపెట్టారు. ఒకరి పత్రిక పేరుకు ఇంకొకరు హాస్యం తగిలించి తన్నుకున్నారన్నమాట. ఇప్పుడైతే పరువునష్టం దావాలు పడేవి, నవ్వు మాత్రం పుట్టేది కాదు.

ఆ ‘హాస్య సంజీవని’లోనే 1876లో ‘బ్రహ్మవివాహం’ వచ్చింది. తెలుగులో తొలి ప్రహసనం అంటారు దాన్ని. జనం ‘పెద్దయ్యగారి పెళ్లి’ అన్నారు. కాటికి కాళ్లు చాచినాయన డబ్బిచ్చి పసిపిల్లని కట్టుకోబోయే కథ. ఇంకోదానికి ‘వ్యవహార ధర్మబోధిని’ అని గంభీరంగా పేరు పెడితే, జనం ‘ప్లీడరు నాటకం’ అనేసి ఊరుకున్నారు. కోర్టులో ధర్మం తప్ప మిగతావన్నీ దొరుకుతాయని చెప్పే ఆ నాటకాన్ని రాజమండ్రిలో ఆడారు కూడా. జయంతి సభల్లో ఈ రెండు పేర్లూ వినబడవు. వినబడితే వేదిక మీద కుర్చీలు ఖాళీ అవుతాయి.

వితంతు వివాహాల గురించి మాత్రం, తామే దగ్గరుండి వడ్డించినట్టు చెబుతారు. 1881 డిసెంబరు 11న మొదటి పెళ్లి జరిగినప్పుడు ఊరు వెలేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు తెచ్చేవాళ్లు రాలేదు. భార్య రాజ్యలక్ష్మమ్మగారు గోదావరికి వెళ్లి బిందెలు మోశారు. ఆమెకు ఏ క్రేనూ రాదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. తెలంగాణలో 23.5 శాతం. ఆ పెళ్లిళ్లు రహస్యంగా అడవిలో జరిగాయా? శుభలేఖలు కొట్టించారు, భోజనాలు పెట్టారు, ఊరి పెద్దలు వెళ్లి తిన్నారు, అక్షింతలు వేసి ఫొటో దిగారు. తొమ్మిదో తరగతి పిల్ల పక్కన నిలబడి నవ్వుతూ ఫొటో దిగిన చేత్తోనే పంతులుగారికి దండ వేస్తారా? సిగ్గు లేదూ? పెద్దయ్య కనీసం తన డబ్బు ఇవ్వజూపాడు. వీళ్లు 1961లోనే వరకట్న నిషేధ చట్టం వచ్చిన దేశంలో కొడుకుల్ని రేటు కట్టి అమ్ముకుంటూ, ఆ సొమ్ములోంచి జయంతికి చందా రాస్తారు.

సరే, కమిటీవారికి నాదొక సవినయ మనవి. వచ్చే ఏడు క్రేను అద్దె మిగుల్చుకుని, ఆ డబ్బుతో ‘బ్రహ్మవివాహం’ ఆడించండి. పెద్దయ్య వేషానికి బయటినుంచి నటుణ్ణి తేనక్కర్లేదు. ముందు వరసలో ఎవరో ఒకరు కుదురుతారు, రిహార్సల్ కూడా అక్కర్లేదు.