పడిపోతుందా అనే ముందు లెక్కేయండి

కేంద్రంలో మోదీ ప్రమాణ స్వీకారం రోజు నుంచీ ఇదే గోల! "ఈ ప్రభుత్వం ఎన్నాళ్లుంటుంది?" టీవీ పెట్టినా అదే, టీ కొట్టు దగ్గరా అదే. 2024లో లోక్‌సభలో బీజేపీకి 240 సీట్లు వచ్చాయి, మెజారిటీకి 272 కావాలి, నిజమే. మిత్రపక్షాలతో కలిపి కూటమికి 293 వచ్చాయి కదా! తెలుగుదేశం 16 మంది వెళ్లిపోతే? 277. నీతీశ్ కుమార్ పార్టీ జేడీయూ 12 మంది వెళ్లిపోతే? 281. ఇద్దరూ కలిసి వెళ్తేనే 265కి దిగేది. ఈ తీసివేత చెప్పడానికి యాంకర్‌కి ఒక్క నిమిషం దొరకదా?

భయం ఊరికే పుట్టలేదు. 1999 ఏప్రిల్‌లో అన్నాడీఎంకే మద్దతు తీసేస్తే లోక్‌సభ విశ్వాస పరీక్షలో వాజ్‌పేయి ఒక్క ఓటుతో ఓడారు, 269-270. పార్టీకి పార్టీయే కూటమి మారితే, గెలిచాక పార్టీ మారే సభ్యులపై వేటు వేసే ఫిరాయింపుల చట్టం ఇప్పటికీ ఆపలేదు! జనం ఓటేసింది పొత్తు చూసి కాదా? మరి ఆ కంత సంగతి గట్టిగా అడగరేం?