విమానం ఎక్కని ఆటగాడు, ఆగని ఫార్వర్డు

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. మొదట ఆఫీసు గ్రూపు, తర్వాత ఇంజినీరింగ్ బ్యాచ్, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ అసోసియేషన్, నిన్న పొద్దున్నే మా ఫ్యామిలీ గ్రూపు. పైన 'తల్లిదండ్రులు తప్పక చదవాలి', కింద 'పది మందికి పంపండి'. మధ్యలో కథ ఇదీ: అమెరికాలో రాయిస్ వైట్ అని ఏడడుగుల ఎన్‌బీఏ (అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్) సూపర్‌స్టార్. విమానమంటే భయమని వంకపెట్టి వంద కోట్ల కాంట్రాక్టు కాలదన్నుకున్నాడు. టీమ్ ఎంత బతిమాలినా వినకుండా ట్విట్టర్‌లో గొడవకు దిగాడు. యాంగ్జైటీ (ఆందోళన జబ్బు) అంటూ ఆడిందంతా నాటకం. ఆటకు పనికిరాక రాజకీయాల్లో దూరి సెనేటర్ అయిపోయాడు. నీతి: పిల్లలు టెన్షన్ అంటే గారాబం చేయకండి, నాలుగు తగిలిస్తే అదే పోతుంది.

చిల్లర తప్పులు ముందు తేల్చేద్దాం. ఏడడుగులు కాదు, ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. వంద కోట్లూ కాదు. 2012 డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట, 16వవాడిగా హ్యూస్టన్ రాకెట్స్ జట్టు తీసుకున్న కుర్రాడికి మొదటి ఏడాది జీతం 16 లక్షల డాలర్ల పైచిలుకు, అప్పటి రేటులో సుమారు తొమ్మిది కోట్లు. సూపర్‌స్టార్ అసలే కాదు. ఎన్‌బీఏలో అతను ఆడింది మూడు మ్యాచ్‌లు, తొమ్మిది నిమిషాలు, సున్నా పాయింట్లు. అదీ రాకెట్స్‌కు కాదు, 2014 మార్చిలో శాక్రమెంటో కింగ్స్‌కు, పది రోజుల కాంట్రాక్టు మీద. సెనేటర్ కూడా అవలేదు. 2024లో మిన్నెసోటాలో రిపబ్లికన్ అభ్యర్థిగా అప్పటికే సెనేటర్‌గా ఉన్న ఎమీ క్లోబుషార్ మీద నిలబడి ఓడిపోయాడు. ఆమెకు 56 శాతం ఓట్లు, ఇతనికి 40. ఓడిపోయినవాడికి పదవి ఇప్పించే ఉదారత వాట్సాప్‌కే చెల్లింది.

'ఆటకు పనికిరాక' అన్న మాటకు ఇంకో రెండు నిమిషాలు. 2011-12లో అయోవా స్టేట్ కాలేజీ జట్టులో పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీల్స్, బ్లాక్స్ ఐదింటిలోనూ ఇతనే మొదటివాడు. ఆ సీజన్‌లో కాలేజీ ఆటలో పై స్థాయి అయిన డివిజన్ వన్ మొత్తం మీద ఇంకెవరూ ఆ పని చేయలేదు. మన క్రికెట్ భాషలో చెప్పాలంటే ఎక్కువ పరుగులూ, ఎక్కువ వికెట్లూ, ఎక్కువ క్యాచులూ ఒకడివే. ఆ ఏడాది కాలేజీ ఛాంపియన్ అయిన కెంటకీ యూనివర్సిటీ చేతిలో ఓడిన మ్యాచ్‌లో కూడా 23 పాయింట్లు కొట్టాడు. 2016-17 సీజన్‌లో కెనడాలో లండన్ లైట్నింగ్ జట్టును గెలిపించి అక్కడి లీగ్‌లో ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు. పనికిరానివాళ్లు ఇలా ఉంటే మనకూ ఒకరిద్దరు కావాలి.

ఇప్పుడు ఆ 'నాటకం' సంగతి. నాకు ఒళ్లు మండింది ఇక్కడే.

పదేళ్ల వయసులో ప్రాక్టీసులో పరుగులు తీస్తుంటే స్నేహితుడు కళ్లముందే కుప్పకూలాడట. ఆ తర్వాతే తనకు ఈ భయాలు మొదలయ్యాయని వైట్ చెప్పుకున్నాడు. యాంగ్జైటీ జబ్బు ఉన్నట్టు డాక్టర్లు నిర్ధారించారు. ఇదేమీ దాచిపెట్టి డ్రాఫ్టులోకి రాలేదు. అన్ని జట్లకూ ముందే తెలుసు, రాకెట్స్ తెలిసే తీసుకుంది. గొడవ కూడా ఒక్క విమానం మీద కాదు. కొన్ని ఊళ్లకు బస్సులో వెళ్లడానికి టీమ్ ఒప్పుకుంది కూడా. అతను పట్టుబట్టింది వేరే దాని మీద: నా మానసిక స్థితి ఈరోజు ఆడేలా ఉందా లేదా అన్నది టీమ్ కాదు, డాక్టర్ తేల్చాలి, అది కాగితం మీద రాసివ్వండి. మోకాలు వాచిన ఆటగాడిని దింపాలా వద్దా అని డాక్టర్‌ను అడుగుతారు కదా, తలకూ అదే పద్ధతి పెట్టమన్నాడు. అంతే. 2013 జనవరిలో రాకెట్స్ అతన్ని సస్పెండ్ చేసింది. తర్వాత రాజీపడి కింది లీగ్‌లోని తన అనుబంధ జట్టు వైపర్స్‌కు పంపింది, ఆ వేసవిలో ఫిలడెల్ఫియా జట్టుకు అప్పజెప్పి చేతులు దులుపుకుంది.

ఇక ఆ ఫార్వర్డు రాసినాయన చూడని భాగం. 2018లో ఎన్‌బీఏ ఆటగాళ్లు డెమార్ డెరోజన్ తన డిప్రెషన్ గురించి, వెంటనే కెవిన్ లవ్ మ్యాచ్ మధ్యలో వచ్చిన పానిక్ అటాక్ గురించి బయటికి చెప్పారు. వాళ్లు ఆల్‌స్టార్లు కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. 2019-20 సీజన్ నుంచి ప్రతి జట్టుకూ మానసిక ఆరోగ్య నిపుణులు అందుబాటులో ఉండాలని ఎన్‌బీఏ నిబంధనే పెట్టింది. 21 ఏళ్ల కుర్రాడు అడిగిన దారిలోకే లీగ్ ఆరేడేళ్లకు వచ్చింది. అతను అడిగితే నాటకం, లీగ్ చేస్తే సంస్కరణ.

నాలుగు తగిలిస్తే పోతుందట! మా అక్క కూతురు ఇంటర్‌లో హాస్టల్లో ఉండేది. ఆదివారం ఫోన్‌లో గుండె దడగా ఉందంటే, వార్డెన్ ఫోన్ లాక్కుని 'మీరు బుజ్జగించకండి, అలవాటవుతుంది' అన్నాడు. ఈసీజీ తీయించాం, నార్మల్. అయితే ఏమీ లేనట్టే అని మేమూ వెనక్కి పంపేశాం. సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి బాత్రూమ్ గట్టు మీద కూర్చుని, బకెట్ నీళ్లలో రెండు చేతులూ ముంచి పెట్టుకుని కనిపించింది. వణుకు ఆగడానికట. నీళ్లు కూడా వణుకుతున్నాయి. అప్పుడు గానీ సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లలేదు. 'గారాబం చేయొద్దు' అన్న సలహా ఆ పిల్లను ఐదు నెలలు అలాగే ఉంచింది, అందులో మా పాపం కూడా ఉంది.

ఇంత చెప్పాక ఆ ఫార్వర్డులో ఒక ముక్క నిజమని ఒప్పుకోవాలి. ట్విట్టర్ సంగతి. డాక్టర్లతో, లాయర్లతో తేల్చుకోవాల్సిన గొడవను రోజూ బయటికి లాగి, అప్పటిదాకా జాలిపడ్డవాళ్లకు కూడా విసుగు తెప్పించాడు. అంతకుముందు మిన్నెసోటా యూనివర్సిటీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా బయటికి రావడం వెనుక షాపింగ్ మాల్లో దొంగతనం కేసు ఉంది, నేరం ఒప్పుకున్నాడు. అది యాంగ్జైటీ ఖాతాలో వేయలేం.

రాజకీయాల గురించి ఫార్వర్డుకు ఒకే వాక్యం సరిపోయింది, నాకూ ఎక్కువ అక్కర్లేదు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుడు పోలీసు చేతిలో చనిపోయినప్పుడు మినియాపోలిస్ వీధుల్లో ఊరేగింపులు నడిపించిన మనిషి, రెండేళ్లు తిరగకుండా ట్రంప్ మాజీ సలహాదారు స్టీవ్ బానన్ పక్కన చేరి రిపబ్లికన్ టికెట్ అడిగాడు. 2022లో ప్రైమరీలోనే, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలోనే, ఓడిపోయాడు. ఆ ప్రచారం డబ్బు లెక్కల్లో మయామీలోని స్ట్రిప్ క్లబ్ ఖర్చు కనిపించిందని పత్రికలు రాశాయి, ఎన్నికల కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది, తప్పేమీ చేయలేదన్నాడు. ఆడవాళ్లకు నోరు ఎక్కువైందని కూడా సెలవిచ్చాడు. నాకు అక్కడ ఓటుంటే చచ్చినా వేయను. కానీ 2021లో చైనా పేరెత్తడానికి బాస్కెట్‌బాల్ లోకమంతా జంకుతున్నప్పుడు, అక్కడ నిర్బంధంలో ఉన్న వీగర్ ముస్లింలను విడిచిపెట్టండని తల పక్కన రాసుకుని బిగ్3 (జట్టుకు ముగ్గురు ఆడే లీగ్) కోర్టులో దిగింది ఇతనే. అది నాకు నచ్చింది. మనిషి నచ్చకపోయినా అతని జబ్బు నిజం కావచ్చు. ఇది గ్రూపుల్లో ఎందుకు ఎక్కదో నాకు అర్థం కాదు.

నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఇది పెట్టింది మా పెద్ద మామయ్య. పది నిమిషాల్లో ఏడు దండాలు, మూడు చప్పట్లు. మా అక్క కూతురు కూడా ఆ గ్రూపులోనే ఉంది. ఏదో రాసి, నేను తెరిచేలోపే తీసేసింది. 'ఈ మెసేజ్ డిలీట్ అయింది' అన్న ముక్క ఒక్కటే ఉంది. దాని కింద మామయ్య పెట్టిన గుడ్ మార్నింగ్ గులాబీ.