ఇద్దరికీ నీటిగండమే

తెల్లవారుజామున ఒడిశా తీరంలోని గోపాల్‌పూర్ ఒడ్డుకు వెళ్తే రెండు రకాల మనుషులు కనబడతారు. వల భుజాన వేసుకుని, కెరటం ఎక్కడ విరుగుతోందో చూస్తూ నిలబడే మన వాడబలిజలు ఒక పక్క. తడి ఇసుకలో బూట్లతో పరుగు తీసే కుర్రాళ్లు ఇంకో పక్క. బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, ఇటు ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఈ పిల్లలందరిదీ ఒకటే ఆశ, సైన్యంలో చేరడం. పరుగయ్యాక టీ కొట్టు దగ్గర వాళ్ల మధ్య నడిచిన వాదన ఒకటి ఈ మధ్య మా చెవిన పడింది. యుద్ధంలో పారాచూట్‌తో దూకడం ఎక్కువ ప్రమాదమా, పడవలోంచి శత్రువు ఒడ్డున దిగడమా? వాదన తేలలేదు, గ్లాసులు ఖాళీ అయ్యాయి, ఎవరి దారిన వారు వెళ్లిపోయారు.

ఆ ప్రశ్నను మేము అక్కడితో వదలలేకపోయాం. ప్రాణం ఒడ్డే పనికి వెళ్తున్నవాడు ఆ ప్రాణానికి గండం ఎక్కడుందో అడగడం న్యాయం. సినిమాల్లో చూసింది కాకుండా, జరిగినది జరిగినట్టు వాళ్లకు చెప్పే పెద్దలు మన జిల్లాల్లో తక్కువ.

ముందుగా అందరూ ఎత్తే లెక్క చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 జూన్ 6న, జర్మనీ మీద పోరాడుతున్న మిత్రపక్షాల సైనికులు సుమారు 1,56,000 మంది ఫ్రాన్స్‌లోని నార్మండీలో అడుగుపెట్టారు. వారిలో ఇరవై మూడు వేల మందికి పైగా ఆకాశ మార్గాన దిగారు, మిగతావారు సముద్రం మీంచి వచ్చారు. ఆ ఒక్క రోజే 4,400 మందికి పైగా మిత్రపక్ష సైనికులు చనిపోయినట్టు పేరుపేరునా తేలింది. ఆకాశం నుంచి దిగే అమెరికా 82వ, 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్లకు మొదటి రోజు నష్టం, హతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి, 2,499 మంది. అందులో చనిపోయినట్టు అప్పటికి రూఢి అయినవారు 338 మంది, గల్లంతైనవారు పన్నెండు వందల మందికి పైనే. నార్మండీలోనే ఒమాహా అనే తీరంలో పడవల్లోంచి దిగిన దాదాపు 34,000 మందిలో హతులు, క్షతగాత్రులు, గల్లంతైనవారు కలిపి సుమారు 2,400. ఈ అంకెలను పక్కపక్కన పెడితే నూటికి ఎక్కువమందిని పోగొట్టుకున్నది దూకినవాళ్లేనని తేలుతుంది. కాబట్టి పారాచూటే ప్రమాదం అని ఎవరైనా అంటే ఆ మాటను కొట్టిపారేయలేం.

కానీ ఒమాహాలో దిగిన ఆ ముప్పై నాలుగు వేల మందీ ఒకేసారి దిగలేదు. మొదటి పడవల్లో వచ్చినవారి గతి వేరు, మధ్యాహ్నం వచ్చినవారి గతి వేరు. అమెరికా 116వ రెజిమెంట్‌లోని ‘A’ కంపెనీ అనే దళం ఒడ్డు తాకిన కొద్ది నిమిషాల్లోనే కకావికలైపోయింది. ఆ కంపెనీలో వర్జీనియా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్ అనే చిన్న ఊరి పిల్లలు చాలామంది ఉన్నారు. అప్పట్లో ఆ ఊరి జనాభా మూడు వేల పైచిలుకు. ఆ ఊరి పిల్లల్లో ఇరవై మంది దాకా ఒక్క రోజులో పోయారు. మన పలాసలోనో సోంపేటలోనో నాలుగు వీధుల్లో ఒకే వారంలో ఇరవై ఇళ్లకు తంతి వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సగటు లెక్క ఆ ఊరికి ఏమీ చెప్పదు.

ఆ రోజు ఒడ్డున దించిన పడవల్లో ఒక రకాన్ని దగ్గరగా చూడాలి. ప్లైవుడ్ పక్కలతో చేసిన పడవ, లోపల ముప్పై ఆరు మంది, ముందువైపు కిందికి వాలే తలుపు ఒక్కటే. రాత్రంతా ఓడలో, ఆ తర్వాత గంటల తరబడి ఈ పడవలో వాంతులు చేసుకుని నీరసించిన మనుషులు. తలుపు వాలగానే అందరూ ఆ ఒక్క సందులోంచే రావాలి. ఎదుటి గుట్ట మీదున్న మెషిన్‌గన్‌కూ ఆ సందే గురి. దాన్ని దాటినవాడు నడుము లోతు నీటిలో, ఒక్కోచోట తల మునిగే నీటిలో, ముప్పై కిలోల సామానుతో పడతాడు. నీళ్లలోని అడ్డంకులు కనబడాలని, నీరు వెనక్కి తగ్గిన పాటు వేళ దిగారు. దాంతో ఒడ్డున మూడు వందల మీటర్ల ఇసుక దాగే చోటు లేకుండా పరుచుకుని ఉంది. దెబ్బ తగిలి ఆ ఇసుకలో పడినవాడిని వెనకాలే పోటు తరుముకొచ్చింది. ఆ తీరంలో పోటుకూ పాటుకూ తేడా దాదాపు ఆరు మీటర్లు, మన తీరంలో అందులో సగం కూడా ఉండదు. గాయంతో చావనివాళ్లు కదల్లేక నీటిలో మునిగి చనిపోయారు.

విమానంలోవాడి సంగతి ఇంకో రకం. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో పోయే విమానంలోంచి దూకేటప్పుడు తలుపు దగ్గర ఒకడి కాలు ఒక్క సెకను తడబడితే, అతనికీ ముందువాడికీ నేల మీద మరో యాభై మీటర్ల ఎడం పెరుగుతుంది. పదిహేను పద్దెనిమిది మంది వరుసలో ఇలా రెండు మూడు తడబాట్లు చాలు, ఒక దళం మూడు ఊళ్ల పాలవుతుంది. ఆ రాత్రి మబ్బుల్లోనూ విమాన విధ్వంసక తుపాకుల కాల్పుల్లోనూ చిక్కి విమానాలు చెల్లాచెదురయ్యాయి, వేగం పెంచాయి, ఎత్తు మారాయి. దూకినవాడు చీకట్లో ఎవరి పొలంలోనో పడి, పక్కన మెదిలేది తనవాడో పగవాడో తెలియకుండా పాకాడు. ఇతనికి వెనక ఓడలు లేవు, ట్యాంకులు లేవు, దెబ్బ తగిలితే మోసుకుపోయే పడవా లేదు. ఒడ్డున దిగినవాడికి అన్నిటికన్నా చెడ్డది మొదటి గంట. దూకినవాడికి ఆ గడువు చెప్పలేం, తనవాళ్లు తనను చేరేదాకా ప్రతి గంటా అంతే. 1944 సెప్టెంబరులో హాలండ్‌లోని ఆర్నెమ్ దగ్గర దిగిన బ్రిటిష్ ఎయిర్‌బోర్న్ డివిజన్ కోసం నేల మీంచి రావలసిన సైన్యం సకాలంలో రాలేదు. వెళ్లినవారు సుమారు పది వేలు, నది దాటి తిరిగొచ్చింది రెండు వేల పైచిలుకు. తక్కినవారిలో ఎక్కువమంది పగవారి చేతికి చిక్కారు.

ఇక ఈ వాదనలో మా కుర్రాళ్లకు తట్టని సంగతి ఒకటుంది. నార్మండీలోనే యూటా అనే తీరంలో మొదటి రోజు నష్టం రెండు వందలకు లోపే. పడవలు దిగవలసిన చోటు తప్పి దాదాపు రెండు కిలోమీటర్లు దక్షిణంగా దిగడం అదృష్టవశాత్తూ కలిసొచ్చింది. అసలు కారణం మాత్రం ముందు రాత్రి దూకినవాళ్లు. ఆ తీరం వెనక పొలాలను జర్మన్లు నీటితో ముంచెత్తారు. ఒడ్డు నుంచి లోపలికి రావడానికి గట్ల మీది దారులే గతి. వాటి అవతలి కొసలను 101వ డివిజన్‌వాళ్లు పట్టుకోబట్టే తీరం మీద దిగినవాళ్లు ఇసుకలో ఇరుక్కోకుండా నడిచిపోయారు. అంటే యూటాలో దిగినవాడి ప్రాణానికి చెల్లించింది మెర్డరే నది పొలాల్లో పడినవాడు. ఇద్దరి లెక్కలూ ఒకే ఖాతాలోవి. మిత్రపక్షాల సర్వసేనాని ఐసెన్‌హోవర్‌కు ఈ సంగతి తెలుసు. ఆకాశ దళాల్లో సగానికి పైగా అసలు పోరు మొదలుకాకముందే పోతాయని వాయుదళాధిపతి లీ మాలరీ హెచ్చరించినా, తీరం కోసం ఆ దళాలను పంపక తప్పదని నిర్ణయించి, జూన్ 5 సాయంత్రం వెళ్లి ఆ పిల్లల మధ్య నిలబడ్డాడు.

ఆ మెర్డరే పొలాల్లోనే మాకు ఈ ప్రశ్నకు జవాబు దొరికింది. గడ్డి మైదానమనుకుని దూకినవాళ్లు నీటిలో పడ్డారు. పెద్ద లోతేమీ కాదు, కొన్నిచోట్ల మనిషి లోతుకు తక్కువే. కానీ మీద మోయలేనంత సామాను, పైనుంచి కప్పేసే తడి గుడ్డ. అమెరికన్ పారాచూట్ పట్టీలను ఒక్కొక్కటిగా విప్పుకోవాలి. ఒక్క దెబ్బతో ఊడిపోయే మీట బ్రిటిష్ పారాచూట్‌కు ఉంది, వీళ్లకు లేదు. పలువురు అక్కడే నిశ్శబ్దంగా మునిగిపోయారు. సరిగ్గా ఆ తెల్లవారే ఒమాహా ఎదుట తేలుతూ ఒడ్డుకు చేరాలని సముద్రంలో దింపిన 29 ట్యాంకుల్లో 27 మునిగాయి. ఏడాది ముందు ఇటలీలోని సిసిలీ దీవి దగ్గర, లాగి తెచ్చిన విమానాలు ఇంజన్ లేని గ్లైడర్లను తొందరపడి వదిలేయడంతో దాదాపు 70 గ్లైడర్లు సముద్రంలో పడి రెండు వందల యాభై మంది దాకా మునిగిపోయారు. పసిఫిక్‌లో 1943 నవంబరులో తరావా దీవి దగ్గర పోటు అనుకున్నంత రాక, పగడపు దిబ్బ మీద పడవలు ఆగిపోయాయి. మెరైన్లు అర కిలోమీటరు పైగా నీటిలో నడుస్తూ తుపాకులకు ఎదురెళ్లారు. మూడు రోజుల్లో సుమారు వెయ్యి మంది పోయారు. ఆకాశం నుంచి వచ్చినా సముద్రం నుంచి వచ్చినా ఇద్దరి జాతకంలోనూ నీటిగండం ఉంది.

సిసిలీలో ఇంకో ఘోరం జరిగింది. 1943 జూలై 11 రాత్రి తమ సైనికులను మోసుకొస్తున్న 144 అమెరికన్ విమానాల మీద తీరంలోని తమ తుపాకులే, తమ ఓడలే కాల్పులు జరిపి 23 విమానాలను కూల్చేశాయి. గోపాల్‌పూర్‌లో విమాన రక్షణ తుపాకుల శబ్దం వింటూ పెరిగిన మనకు ఈ కథ మరీ దగ్గరిది. సముద్రం మీదికి కాల్పులు జరిగే రోజున పడవలు లోపలికి వెళ్లకూడదని మన జాలర్లకు ముందుగా చెబుతారు. ఆ కబురు అందరికీ అందడం ఎంత అవసరమో సిసిలీ చెబుతుంది.

ఈ రెండు రకాల దాడులూ కలిసి జరిగిన చోటు మన తాతలకు బాగా తెలిసిన రంగూన్. గంజాం, శ్రీకాకుళం పల్లెల నుంచి కూలికి వెళ్లినవారు ఎక్కిన ఓడ గోపాల్‌పూర్ ఎదుట లోతు నీటిలో ఆగేది. ఒడ్డు నుంచి దాని దాకా మసూలా పడవల్లో తీసుకెళ్లింది మన వాడబలిజలే. మేకు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన ఆ పడవ కెరటం కొడితే వంగుతుంది, విరగదు. పడవ మూతి కెరటానికి ఎదురుగా ఉండాలి, అడ్డం తిరిగిందా బోల్తా. ప్లైవుడ్ పడవ నడిపిన నావికుడికి నేర్పిన పాఠమూ ఇదే. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు ఆ రంగూన్ నుంచి మనవాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. ఆ ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డప్పుడు శత్రువు మన ఒడ్డునే దిగుతాడని ఊళ్లు ఖాళీ అయ్యాయి.

మూడేళ్ల తర్వాత, 1945 మే 1న, రంగూన్ నది మొగ దగ్గర ఎలిఫెంట్ పాయింట్‌లో గూర్ఖా పారాచూట్ బెటాలియన్ దూకింది. అక్కడి ఫిరంగులను పట్టుకుంటేనే నదిలోని మందుపాతరలు తీసే పడవలు లోపలికి రాగలవు. గూర్ఖాలను ఎక్కువగా గాయపరిచింది తమ విమానాలు వేసిన బాంబులే. మర్నాడు జోరువానలో 26వ భారత డివిజన్ పడవల్లో వచ్చి దిగింది. అప్పటికే జపాన్‌వాళ్లు నగరం వదిలి వెళ్లిపోయారు, ఆ సంగతిని ఖైదీలు జైలు కప్పు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు కూడా.

1971 డిసెంబరులో, నేటి బంగ్లాదేశ్‌లో, మన సైన్యం వారం తిరక్కుండా రెండూ చేసి చూసింది. 11న టాంగైల్ దగ్గర రెండో పారా బెటాలియన్ దూకి పూంగ్లీ వంతెనను పట్టుకుంది. స్థానికులు అండగా నిలిచారు. కొద్ది రోజులకే కాక్స్ బజార్ దగ్గర ఓడల నుంచి సైనికులను దింపబోతే ఓడలు ఇసుక మేటకు తగులుకున్నాయి. ఆ మేటకూ ఒడ్డుకూ మధ్య లోతు నీళ్లున్నాయి. దిగినవారిలో కొందరు జవాన్లు మునిగిపోయారు, శత్రువు తుపాకీ పేలకుండానే. విరిగే కెరటాన్ని చూసి మేట ఎక్కడుందో, దాని వెనక లోతెంతో చెప్పడం గోపాల్‌పూర్ జాలరికి రోజూ చేసే పని.

అందుకే మా కుర్రాళ్లకు మేమిచ్చే జవాబు ఇది. మొదటి పడవలో ఉన్నవాడికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాడు ఆ గంటలో ఎవరూ లేరు. ఆ గంట దాటాక దూకినవాడి గండమే పెద్దది. ఇద్దరిలో ఎవరు మీరైనా, మీకు ఈత రావాలి. ఇప్పుడు మీరు సాధన చేస్తున్నవి 1.6 కిలోమీటర్ల పరుగు, తొమ్మిది అడుగుల గుంట, పుల్‌అప్స్. సైన్యం ర్యాలీ పరీక్షలో ఈత లేదు కాబట్టి ఏ శిక్షణ కేంద్రమూ దాని జోలికి పోవడం లేదు. సముద్రం ఎదుటే పరుగెత్తుతూ అందులో మోకాలి లోతు దాటని పిల్లలను మేము చూశాం.

గంజాం, గజపతి, శ్రీకాకుళం జిల్లాల యంత్రాంగాలను మేము కోరేది ఒక్కటే. సైన్యానికి సిద్ధమయ్యే పిల్లలకు ఈత నేర్పే ఏర్పాటు చేయండి. ముందు చెరువులో, తర్వాత బట్టలతో, ఆ తర్వాత వీపున బరువుతో. నేర్పేవాళ్ల కోసం దూరం వెళ్లనక్కర్లేదు. ఒడియాలో నోలియాలని పిలిచే మన వాడబలిజలు పూరీలో, గోపాల్‌పూర్‌లో మునిగేవాళ్లను ఎన్నో తరాలుగా ఒడ్డుకు చేరుస్తున్నారు. వారికి గురువు హోదా ఇచ్చి, నెలనెలా తగిన జీతం ఇచ్చి ఈ పని అప్పగించాలి. ర్యాలీలకు ముందు వచ్చే ఈ ఎండాకాలంలోనే మొదలుపెట్టాలి, చెరువుల్లో నీళ్లు ఇంకా ఉండగానే.